ఊక బొగ్గు

కత్వ మీద నురుగు తెల్లగ లేస్తే
కొత్తగ వచ్చినోళ్లు ఫోటోలు దిగుతరు.
మేం ముక్కుకు కొంగు కట్టుకొని
తూము తెరుస్తం.
నీళ్లు ఏడికెల్లి వచ్చినయని
మడి ఎన్నడూ అడగలేదు.

అడిగేది భువనగిరి అంగట్ల.
పాలకూర కట్ట చేతికి తీసుకొని
ఆకు నలిపి వాసన చూసి
"మూసీ కూరనా?" అంటది ఒకామె.
"బోరు కూర" అంటను.
అబద్ధం పది రూపాయలకు మూడు కట్టలు.

మొన్న ఎండకాలం ఉపేందర్ వచ్చిండు,
మా ఆడబిడ్డ కొడుకే, మట్టి పరీక్షల కాడ పని.
నాలుగు మూలల తవ్వి, నడుమ ఒక్కటి తవ్వి,
మట్టిని నా పాత చీర మీద పోసి
బువ్వ కలిపినట్టు కలిపిండు.
సంచి మీద రాసిండు: బత్తుల అండాలు, కౌలు.

నెలకు కాయిదం తెచ్చిండు.
సీసం ఇంత. కాడ్మియం ఇంత.
రెండోదానికి నాకు నోరు తిరగలే.
సీసం మాత్రం ఎరికే.
మా నాయిన ఇదే ఏట్ల వల ఇసిరేటోడు,
వల అంచుకు సీసం గుండ్లు.
అడుగుకు పోయి
మళ్ల మా ఇంటికే వచ్చేటియి,
పరకలతోని, తడి తడిగ.
అప్పటి సీసాన్ని లెక్కవెట్టుకునేటోళ్లం.
ఒక్క గుండు తక్కువైతే అమ్మ నన్ను తిట్టేది.

"దీన్ని తీసెయ్యరాదా?" అన్న.
"తియ్యరాదత్తా. కట్టెయ్యొచ్చు."
దూడను కట్టేసినట్టా?
"అట్లనే. నేలలనే ఉంటది.
ఏరు దాకా పోదు, అంతే."

మూలకున్న సున్నం బస్తా చూపించిన.
వద్దన్నడు. సున్నం పులుపు నేలకట,
మాది చౌడుకు దగ్గర.
వలిగొండ మిల్లు కాడ ఊక తెచ్చిన,
ఆటో కిరాయి నాది.
ఊక కుప్ప నడుమ బొక్కల డబ్బా నిలవెట్టి
రాత్రంతా కావలున్నం.
మంట కాదు, పొగ కావాలె.
నల్లగైనంక, తెల్లగ కాకముందు
నీళ్లు కొట్టాలె.
ఒక్క గడియ నిద్ర వట్టిందా, బూడిదే.
నాకు పట్టింది. ఒక కుప్ప పోయింది.

మిగిలింది పెంటతోని కలిపి
సగం మడికి చల్లిన, సగం ఇడిసిపెట్టిన.
ఒడ్డు మీద లింగస్వామి నవ్విండు:
"మసి పూసి మారేడుకాయ చేస్తున్నవా అండాలూ?"
మొకం మీద మసి తుడుసుకుంట నేనూ నవ్విన.
ఏం జెప్పాలె.

ఆకులు కోసి మళ్ల పంపినం.
బొగ్గు దిక్కు సగానికి తగ్గిందట.
సున్నం వద్దన్నోడు
సున్న కూడ ఇయ్యలే నాకు.
సగం.
మిగిలిన సగం ఎవరు తినాలె ఉపేందరూ అంటే
కాయిదం మడత వెట్టుకుంట కూసున్నడు.

బొగ్గు నేలల వందేండ్లుంటదట.
నా కౌలు ఉగాది దాక.
పటేలుకు చెప్పిన, నీ భూమి బాగువడుతున్నదని.
"అయితే కిరాయి పెంచాలె" అన్నడు,
నవ్వుకుంటనే అన్నడు.

నిన్న అంగట్ల మళ్ల ఆమె.
బొగ్గు దిక్కుదే తెచ్చిన, రెండు గంపలు.
కట్ట తీసుకున్నది, ఆకు నలిపింది.
"మూసీ కూరనా?"
"మూసీదే" అన్న.
నల్లవడ్డ గోర్లు చూపించి
ఊక ముచ్చట మొదలువెట్టేలోపు
కట్ట కింద వెట్టి
పక్క గంప కాడికి పోయింది.

పక్క గంప లింగస్వామి పెండ్లాముది.
ఆమె నా దిక్కు చూడకుంట
నీళ్లు చిలకరిస్తున్నది కట్టల మీద.
"బోరు కూరమ్మా, బోరు కూర."