కరెంటు పోయిన పూట

నగరిలో మగ్గాలన్నీ ఒక్కసారే నోరు మూసుకుంటే
చెంగల్రాయుడు పటకారుకు రబ్బరు బ్యాండు చుట్టి
దాని పంటికింద గాలం ముల్లు ఇరికిస్తాడు.
కరెంటోళ్ళు ఎంతసేపు తీస్తే అంత పురుగు.

అగ్గిపెట్టెలో ఈక ముక్కలు.
తలమీద రెండు నల్లపట్టీలుండే అడవిబాతులవి.
చలికాలం ఆరణియార్ నీళ్ళ అంచున
వరి కొయ్యకాళ్ళు మేసి
బురదలో వదిలేసి పోయినవి.
"కొట్టి తెచ్చినావా?" అంటే
చెవులు మూసుకుంటాడు.
"రాలింది చాలదాబ్బా."

రెక్క ఈకకు రెండు పక్కలు.
వెడల్పు పక్క మెత్తన, దాంతో పనిలేదంట.
గాలిని కోసుకొచ్చిన సన్న పక్క ఉందే,
దాంట్లో పొట్టి పోగు ఒక్కటి పీకి
విరక్కుండా నాలికమీద తడిపి
ముల్లుకు చుడతాడు.
చుట్టుకొక గీత,
గీత పక్కన గీత,
దోమపిల్ల నడుము దిగిపోతుంది!
మెడకు లుంగీ పడుగులో మిగిలిన ఊదా దారం,
ముడి జారకుండా పెండ్లాం గోళ్ళరంగు చుక్క.

ఆదివారం నేనూ పోయినా.
నీళ్ళమీద పురుగు వాలిందో లేదో
కొర్రమీను ఒక్క గుటక.
దారం పుటుక్కు.

వాడు వట్టి కర్ర పట్టుకొని చానాసేపు నవ్వినాడు.
"మంచుకొండల పైన ఎగిరిందిరా అది.
మన చేపకేం తెల్సు."

సోమవారం మగ్గం కాడ
తెగిన పోగు ముడేస్తా ఉంటే
నా వేలు దానంతటదే నాలికమీదికి పోయింది.
నోట్లో నూనె, నూలు నుసి,
ఎక్కడిదో రవ్వంత చలి.