ఎరుపుకు ముందు

కురుమాన్ ఊరి చివర రేకుల షెడ్డులో
నా పని రాయి కోయడం.
భూమిలోంచి తోడి తెచ్చిన కోర్ కడ్డీల్ని
వజ్రపు రంపం కింద నీళ్లు పోస్తూ
నిలువునా చీలుస్తాను.
సగం కంపెనీకి. సగం హెస్టర్ మేడంకి.

తడి తగిలితేగానీ రాయి నోరు విప్పదు.
నల్ల చార, ఎర్ర చార, మళ్లీ నల్ల చార.
నేత దుప్పటి మడతలనుకునేవాణ్ని మొదట్లో.
దుప్పటిని ఎవరో ఒకరు నేస్తారు కదా.
ఇది ఊరికే రాలింది,
ఎవరూ చూడని నీటి అడుక్కి,
నుసి మీద నుసి.

ఎన్నేళ్లయింది అన్నాను.
"రెండువందల నలభై ఎనిమిది కోట్లు"
బస్సు టైము చెప్పినంత మామూలుగా అంది.

ఓ మధ్యాహ్నం పిలిచి మైక్రోస్కోపు చూపించింది.
వెంట్రుక కన్నా పలచగా అరగదీసిన చెకుముకి పలుకు,
దాని లోపల పచ్చటి మసక.
"ఒక్కో నలుసూ కంటికి ఆనదు, ఒరాపెలెంగ్.
లక్షలు గుంపుకడితే ఈ పచ్చదనం.
ఇవే ముందు. ఎరుపు తర్వాతొచ్చింది.
అప్పటి సముద్రంలో ఇనుము ఉప్పులా కరిగి ఉండేది,
తుప్పు పట్టించే గాలి లేక."

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే
ముళ్లతుమ్మల మధ్య ఎండిన నేలంతా
పచ్చటి నీళ్లై నా మోకాళ్లకు తగిలింది.
చేప లేదు. నాచు వాసన పట్టే ముక్కు లేదు.
జేబులో అగ్గిపెట్టె ఉన్నా
పుల్ల అంటుకోని లోకం.

ఈ కొండల్లోనే, ఈ చారల మధ్యనే
నీలం పీచు దొరికేది.
మా అమ్మ గాలెబోవె సుత్తితో కొట్టి
రాయిని వేరుచేసి పీచు గోనెలకెత్తేది.
తూకానికి డబ్బులు. గోనెల మీద నా నిద్ర.
ముప్పై ఏళ్లకు ఆస్పత్రిలో
ఎక్స్‌రే ఫిల్ముని కిటికీకెత్తి చూసుకుని
"నాలోనూ చారలే" అని నవ్వబోయి
దగ్గింది, చాలాసేపు.

మొన్న మేడంని అడిగాను,
గాలి మొదటిసారి పుట్టినప్పుడు అంతా సంతోషించారా అని.
"ఎవరు? అప్పుడున్న క్రిములకు అది విషం.
చాలా చచ్చిపోయుంటాయి.
మిగిలినవి బురదలోకి దూరి దాక్కున్నాయి."
రంపం ఆపేశాను.
తొట్టిలో ఎర్ర నీళ్లు కాసేపు తిరిగి నిలిచాయి.

నూట అరవై రెండో మీటరు దగ్గర
బొటనవేలంత నీలం.
అలాంటిది కోయకూడదని రూలు.
ముక్కుకి గుడ్డ కట్టుకుని, తడిపి,
ప్లాస్టిక్‌లో చుట్టి, పెట్టె మూతేసి
సుద్దతో లోతు రాయాలి.
నేను అమ్మ పేరు రాశాను.

మేడం చూసింది, ఏమీ అనలేదు.
కంపెనీవాళ్లు మాత్రం
అదేదో రాయి రకం అనుకుని
రిజిస్టర్లో ఎక్కించుకున్నారు.