రాగి బరువు

ఊళ్ళో మోటార్లు కాలితేనే
మా ఇంట్లో పొయ్యి మండుద్ది.
మే నెల లో-ఓల్టేజీకి దండం పెట్టి
వార్నిష్ డబ్బాలో దాచినవి ముప్పై రెండు వేలు.
కందుకూరు నుంచి ఒంగోలు బస్సులో
లోపలి జేబులో నోట్లు ఇంకా ఆ వాసనే వేస్తున్నాయి.

కిటికీ పక్కన వెంగి, చేతిలో నోటుబుక్కు కాగితం.
బళ్ళో పేరు వెంగమాంబ. నర్రవాడ మొక్కు.
ఆటలో ఇంకేదో పేరుంది,
అడిగితే నవ్వుద్ది, చెప్పదు.

మూడుసార్లు కొట్టేసి రాసిన లెక్క అది:
తెరకి పాత టీవీ చాలు.
ప్రాసెసరు పోయినేటికి ముందేటిది.
ర్యామ్ పదహారు.
"ఎనిమిది చాలదా?" అన్నా.
"ఒకే బిందెతో వీధంతటికీ నీళ్ళు మోసినట్టుంటది నానా."
ఈ బిందె మాట నా కోసమని
రాత్రంతా వెతికి పెట్టుకున్నట్టుంది.

ట్రంకు రోడ్డులో మెట్లెక్కితే నాగూర్ బాషా కొట్టు.
అద్దాల పెట్టెలు తిరునాళ్ళ ప్రభల్లా
రంగులు మారుస్తున్నాయి.
వెంగి కళ్ళు ఒక్కసారి అటు పోయి వచ్చాయి.
"లైట్లు వద్దన్నా, లైట్లకి ఆట వేగం పెరగదు గదా"
అంది కొట్టు కుర్రాడితో.
ఆ మాట అనేటప్పుడు నా మొహం చూళ్ళా.

బోర్డు, ఎస్సెస్డీ, కూలరు
బల్ల మీద పేరుస్తా వాళ్ళిద్దరూ బేరమాడుతుంటే
తెలీని అరవం విన్నట్టు
తల ఊపుతా నిలబడ్డా.

అప్పుడు పెట్టాడు పవర్ సప్లై.
తొమ్మిదొందలు. ఐదొందల వాట్లని పైన రాసుంది.
చేతిలోకి తీసుకున్నా.
ఇరవై ఆరేళ్ళు తీగ చుట్టిన చేతులు,
గేజి లేకుండా మందం చెప్తాయి.
"అబ్బయా, దీంట్లో రాగి లేదు.
రాసింది ఐదొందలు. రెండొందలు కూడా మోయదు.
ఇట్టా అబద్ధాలు రాసుకున్న సరుకే
నాకు ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది."

కుర్రాడు లోపలికి పోయి ఇంకోటి తెచ్చాడు.
పచ్చడిబండలా చేతికి నిండింది.
రెండువేల ఎనిమిదొందలు.
కాగితం మీద వెంగి పెన్ను ఆగిపోయింది.
ఎక్కడో తెగ్గొయ్యాలి.
"పెట్టె తీసెయ్," అన్నా, "పెట్టె నేను చేస్తా."

ఇక కార్డు. కొత్తది మన వల్ల కాదు.
ఎవరెవరో అమ్ముకున్నవి మూడు
సొరుగులోంచి తీశాడు నాగూర్.
వాళ్ళు తిప్పి తిప్పి చూస్తున్నారు,
నేను ముక్కు దగ్గర పెట్టుకున్నా.
నవ్వారు. నవ్వనీ.
మొదటిది మాడిన వాసన.
రెండోదానికీ ఉంది, సన్నగా, అత్తరు కింద చెమటలా.
మూడోది ఉత్త దుమ్ము.
"ఇదీ," అన్నా.

వెంగి నన్ను చూసిన చూపు
ఎట్టా చెప్పను,
ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడతా
నేను దాన్ని చూస్తానే, అట్టా ఉంది.

షాపు మూలన పాత స్టార్టరు డబ్బా ఒకటి.
మూడు రోజులు డ్రిల్లు పెట్టి గాలికి బొక్కలు కొట్టా.
రంగేద్దామంటే వద్దంది.
పక్కన తెల్ల పెయింటుతో ఇంకా అట్టే ఉంది:
మాలకొండయ్య బోరు, నెంబరు నాలుగు.

రాత్రి పదింటికి స్విచ్చి వేస్తే
ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది.
ఎవరం మాట్లాడలా.
వాళ్ళమ్మ చేతిలో గరిటె కూడా ఆగింది.
ర్యామ్ పీకి, రబ్బరుతో రుద్ది,
రెండు బొటనవేళ్ళతో నొక్కింది వెంగి.
టక్. టక్.

తెర మీద మంచు. ఏదో ఊరు. పరిగెత్తే మనుషులు.
"నానా, చూడు, చూడు!"

నాకు ఆట తెలీదు.
నిజం చెప్పాలంటే అటు చూళ్ళేదు కూడా.
కళ్ళు మూసుకుని
నాలుగో నెంబరు బోరుకి చెవి ఆనించా.
బేరింగ్ బాగుంది.