గొడుగు కింద గది

గుణుపురంలో ఏప్రిల్ పదకొండు గంటలకు
తెల్లగా ఉడికిపోతుంది వెలుతురు.
కర్టెన్ చాకలికి వెళ్ళి తొమ్మిది రోజులు.
కిటికీ అవతల వంశధార ఇసక
రేణువు రేణువూ అద్దమై
నా స్క్రీన్ మీదికి ఎండ విసురుతోంది.

బల్ల మీద సుంబారి గొమాంగో.
చల్లని జెల్లు పొట్టకు తగలగానే
పళ్ళు బిగించింది, నవ్వాపుకుంటూ.
స్క్రీన్‌లో కనబడింది మాత్రం
నా కళ్ళజోడు, నా బట్టతల,
వెనక గోడకున్న ఒడియా క్యాలెండరు.

బ్రైట్‌నెస్ చివరిదాకా తిప్పాను.
గెయిన్ పెంచాను.
నలుపు కాస్తా బూడిదైంది,
చీకటి ఉండాల్సిన చోట తవుడు చల్లినట్టు చుక్కలు.
ఇరవై రెండేళ్ళుగా ఇదే పని,
వెలుగుని వెలుగుతో ఎప్పుడూ గెలవలేదు.

గుమ్మంలో ఆమె మొగుడు,
పుట్టాసింగి కొండ దిగొచ్చినవాడు,
ఏమీ అడగలేదు.
చంకలోంచి నల్ల గొడుగు తీసి
నా నెత్తికీ మిషనుకీ కలిపి పట్టాడు.
దానికో ఊచ విరిగింది,
దారంతో కట్టుంది.

ఆగాను. కళ్ళకి చీకటి పట్టాలి గదా.

ముందు వెన్నెముక, పరుకుట్టు లాగ.
తర్వాత చింతగింజంత చోట
ఏదో కొట్టుకుంటూ.
అతను వంగాడు. గొడుగు వణికింది.
ఎండ చీలికగా పడి బొమ్మ చెరిగింది.
"కదపకు బాబూ."
ఊపిరి బిగబట్టాడు.
మళ్ళీ వచ్చింది.

మెడ తిప్పలేని సుంబారి
ఏం కనబడుతోందని అడిగింది.
నేను నోరు తెరిచేలోగా అతనే అన్నాడు,
"లోపల సన్నగా వాన పడతంది."

రిజిస్టరులో వారాలు రాశాను,
గుండె నిమిషానికి నూట నలభై ఎనిమిది.
గొడుగుకి గడి లేదు.