మూడో చేప

ఆటోనగర్‌లో రేకులు కొట్టే చప్పుడు మధ్య
నాగుల్‌మీరా మామ షెడ్డు.
చక్రాలు ఊడదీసి దిమ్మెల మీద నిలబెట్టిన లారీ
కైకలూరు చేపల్ని ఐసులో కప్పి
హౌరా దాకా మోసే బండి.
పక్క చెక్కలకు నీలం ఆరింది.
"ఎడం పక్క అంచు నువ్వెయ్యరా" అన్నాడు.
ఆ రోజు దాకా నా పని
కుంచెలు కడగడం, పోస్టరు బొమ్మల్లో పులికి మీసాలు దిద్దడం.

పాత ఎక్స్‌రే ఫిల్ములో చేప ఆకారం కోసిచ్చాడు.
వెలుగుకెత్తి చూస్తే
చేప ఖాళీ చుట్టూ పక్కటెముకలు.
"ఎవరియి మామా?"
"నాయే. టర్పెంటైను లోపల ఎందాకా పోయిందో
చూద్దామని తీయించారు పెద్దాసుపత్రోళ్ళు.
పనికొచ్చే ఫిల్ము పారేస్తావా ఏంది?"

సుద్ద రాసిన దారం
ఆ కొసన ఆయన, ఈ కొసన నేను
బిగలాగి వదిలితే టప్పున పడింది తెల్లగీత.
దాని మీద పద్దెనిమిది అడుగుల పొడుగునా
చేప వెనక చేప.

"ఒకటేస్తే బొమ్మరా.
రెండేస్తే జత.
మూడోది పడ్డాకే నడక."
వెలిగించని బీడీ పెదాల మధ్య ఆడిస్తూ అన్నాడు.
నేను తలూపాను,
అర్థమై కాదు.

పదో చేపకి చెయ్యి కుదిరింది.
ఇరవయ్యో చేపకి విసుగొచ్చింది.
ముప్పై దాటాక ఆ విసుగు కూడా అలిసిపోయి
చెయ్యి నాది కాకుండా పోయింది
అద్దు, ఎత్తు, జరుపు
అద్దు, ఎత్తు, జరుపు
పక్క షెడ్డులో సుత్తిదీ అదే పాఠం.

నలభై ఒకటో చేప దగ్గర
"టీ!" అని సువార్తమ్మ కేకేసింది.
తిరిగి చూశాను.
చేప తల కిందికి వాలిపోయింది.

గుడ్డ తడిపాను, తుడిచేద్దామని.
మామ నా మణికట్టు పట్టుకున్నాడు.
తిట్టలేదు. ఆరడుగులు వెనక్కి నడిచి
ఒక కన్ను మూసి చూశాడు,
సువార్తమ్మ గ్లాసులు తీసుకెళ్ళేదాకా చూశాడు.

"అన్నీ ఒకటే అయితే కన్ను
మొదటిదాని దగ్గరే చతికిలబడుద్ది.
ఇదొక్కటే వాలితే తప్పు.
దీని వెనకది ఇంకాస్త వాలితే?
ఆ వెనకది లేస్తే?"
అంతే. కుంచె కూడా ముట్టకుండా
చేతులు కడుక్కుని నమాజుకి పోయాడు.

నలభై రెండు, కాస్త వాలి.
నలభై మూడు, ఇంకాస్త.
నలభై ఐదుకి గీత కింద మునిగింది
నలభై ఎనిమిదికి తల పైకెత్తింది.
అదే ఫిల్ము, అదే తెలుపు, అదే చేప.
నేను మార్చింది మణికట్టొక్కటే.
చివరి చెక్క దగ్గరికొచ్చేసరికి
ముందేసిన నలభై
ఒడ్డున నిలబడి లోతు చూస్తున్నట్టున్నాయి.

శుక్రవారం సాయంత్రం ట్రయలు.
వారధి దాటి వెనక్కి తిరిగొచ్చే దారి.
మామ టీవీయస్ మీద వెనక కూచుని
లారీకి ఎడం పక్కనే నేను.
బ్యారేజీ వైపు దిగుతున్న ఎండలో
కరెంటు స్తంభాల నీడలు ఒక్కొక్కటే వచ్చి
చేపల మీద పాకి జారిపోతున్నాయి.
చెక్క మీద రంగు, ఎక్కడిది అక్కడే.
నీడ పాకినప్పుడల్లా మాత్రం
మునిగేవి మునుగుతున్నాయి, లేచేవి లేస్తున్నాయి.
కింద కృష్ణలో ఇసుక తిన్నెలే ఎక్కువ, నీళ్ళు తక్కువ.

"చూశావా" అన్నాడు మామ.
హ్యాండిలు మీదనుంచి కన్ను తిప్పకుండానే.
ఆయన చూళ్ళేదు.
చూడనక్కర్లేదనుకుంటా.

ఆ ఫిల్ము ఇప్పుడు నా గోడకి మేకుకి వేలాడుతోంది.
ఈమధ్యే గమనించాను
ఆ ఎముకలు కూడా ఒకదాని కింద ఒకటి
ఒకటే గీత, కాస్త కాస్త వంగుతూ
సగం ఊపిరి దగ్గర ఆగిన అల.
అంచుల్లో రంగు గట్టిపడి
ఏటికేడు చేప కంత సన్నబడుతోంది.
బ్లేడుతో గీకాలి.
గీకడానికి చెయ్యి రావడం లేదు.