టేపు నంబరు పదిహేడు

మొదటిసారి వెళ్ళినప్పుడు
కూవం ఒడ్డున చెంగమ్మ గుడిసెకు తలుపు లేదు.
గోనెపట్టా ఎత్తి పట్టుకుని
"రా అన్నా, వాసనొస్తాది, ఏమనుకోబాక" అంది.
ఆ మాట కూడా రికార్డయింది.

ఎలక్షన్‌కీ ఎలక్షన్‌కీ వెళ్ళాను.
ఒక ప్రభుత్వం టీవీ ఇచ్చింది, ఇంకొకటి మిక్సీ.
రెండింటి మీదా నాయకుల ముఖాలు.
మిక్సీ మీది ముఖం మాత్రం
పచ్చిమిరపకాయల తడికి
కళ్ళ దగ్గర చెరిగిపోయింది.

నాలుగోసారికి అడ్రసే మారింది.
పెరుంబాక్కం, ఏడో అంతస్తు, లిఫ్ట్ పనిచేయదు.
నా ట్రైపాడ్ మోస్తూ ముందు ఎక్కింది
తొలి టేపులో పాకిన పిల్ల, కస్తూరి.
వేలి మీద మొదటి ఓటు సిరా.

"ఏం మారింది?" అనడిగాను.
చెంగమ్మ చేట పక్కన పెట్టలేదు.
"రేషన్ బియ్యంలో రాళ్ళు తగ్గినాయి."
కాసేపాగి,
"మా ఆయన దగ్గు నీ కాడుందా?"

మునియ్య.
రాత్రంతా మాన్‌హోల్లో దిగి
తెల్లారేదాకా దగ్గేవాడు.
ప్రతి షాట్ వెనకా అదే.
ఎడిటింగ్‌లో నాలుగు రాత్రులు కూర్చుని
ఒక్కొక్కటే కోసి పారేశాను.
సినిమాలో వాళ్ళ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది.
అవార్డు ఇచ్చినవాళ్ళు
ఆ నిశ్శబ్దాన్నే మెచ్చుకున్నారు.

"ఫోటో ఉంది," అంది చెంగమ్మ.
"ఫోటో దగ్గదు గదన్నా."

కోడంబాక్కం గదిలో
బూజు పట్టిన టేపులు తుడుస్తున్నాను.
పదిహేడులో, వీధి చివర లౌడ్‌స్పీకర్‌లో
ఎవరో గెలుస్తున్నారు, టపాకాయలు.
వాటి కింద, చాలా కింద,
ఒక గొంతు సవరించుకుంటోంది.

హెడ్‌ఫోన్ చెవికి గట్టిగా నొక్కాను.
దగ్గు, మునియ్యా.