కుడి దీపం

ఎడమది కొత్తది.
పరకాల రోడ్డు మీద బర్రె అడ్డమొచ్చిన నాడు
పగిలితే వేయించిన.
కుడిది బండితోనే వచ్చింది,
పన్నెండు ఎండాకాలాలు తాగి
చల్లారిన చాయ్ మీద మీగడ లెక్క
పసుపు కట్టుకపోయింది.

రాత్రిపూట నా ఇండికా
ఒక కన్ను చికిలించి నడుస్తది.
ఎదురొచ్చే లారీవాళ్లు మోటర్‌సైకిలనుకొని
మీదికే వస్తరు.

షోరూంల అడిగితే మూడువేల ఆరునూర్లు.
ఓదేలన్న అన్నడు:
నూటిరవై రూపాలు, ఒక పూట, రెండు చేతులు.

ఆదివారం, మట్టెవాడ గల్లీల
నీడ జరగకముందే కూసున్న.
రంగు గీరుకపోకుండ చుట్టూ టేపు అతికించి
బకెట్ల నానేసిన వాటర్ పేపర్ తీసిన.
ముందు గరుకుది, అడ్డంగ.
పక్కింటి తబస్సుమ్ చెంబుతోని నీళ్లు పోస్తంది.
పచ్చని నీళ్లు కారినై.
ఎనుమాముల మిర్చి యార్డు ముంగట
కిరాయి కోసం నిలబడ్డ మధ్యాహ్నాలన్నీ
బంపరు మీదికెల్లి జారి
మోరీల కలిసినై.

ఆరినంక చూస్తే
మునుపటికంటె అధ్వానం.
తెల్లగ, మంచు పట్టినట్టు, పూర్తిగ గుడ్డి.
"కాకా, ఖరాబు చేసినవ్" అన్నది పోరి.
నాకూ గుండె జారింది.
ఫోన్ కొడితే ఓదేలన్న నవ్విండు:
"గిప్పుడే ఆపకు.
గీతల్ని గీతలే చెరపాలె."

పదిహేనువందలది, నిలువుగ.
రెండువేలది, ముట్టుకుంటే కాగితమా బట్టనా తెల్వదు.
నీళ్లు, మళ్లీ నీళ్లు.
వేళ్ల కొసలు ఎండు ఖర్జూరాలైనై.
ఆఖరికి పాలిష్, పాత లుంగీ ముక్క,
గుండ్రంగ, గుండ్రంగ.
అసర్ నమాజుకు మైకు మోగేసరికి
తబస్సుమ్ మొఖం దీపంల కనబడ్డది,
పై పళ్ల నడుమ సందుతో సహా.

పైన పూత కూడ పూసిన.
అది లేకుంటె మూడునెలలకే
ఎండ మళ్లీ వచ్చి కూసుంటదట.

అప్పుడు చూసింది పోరే:
లోపల, అద్దానికి అతుక్కొని
ఒక రెక్కల పురుగు.
ఎట్ల దూరిందో, ఏ ఊరి పొలిమేరదో,
ఎన్నేండ్ల సంది
నాతోని కిరాయిలకు వస్తందో.
తీయాలంటె దీపమే ఊడదీయాలె.
తీయలే.

రాత్రి నర్సంపేట కిరాయి.
పత్తి చేన్ల దాక పరుచుకున్న వెలుగుల
ఒక్కచోట, గొడుగంత నీడ,
రెక్కలు చాపుకొని,
గుంతలొచ్చినప్పుడల్లా ఎగిరి
మళ్లీ రోడ్డు మీద వాలుకుంట
మాకంటె ముందు పోతంది.